మా గిరిజ నాతో మాట్లాడని తొమ్మిది నెలలు

నాకు చిన్నప్పుడు వస కాస్త ఎక్కువే పోశారని మా అత్తయ్య అంటుంటారు. నిజమే అయ్యుండొచ్చు. నేను ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. పగలంతా బళ్ళో మాట్లాడి, ఇంటికొచ్చి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టగలను. బస్సులో పక్క సీటావిడ ఇంటిపేరూ, ఆమె ఆడపడుచు కాపురం సంగతీ దిగేలోపు నాకు తెలిసిపోతాయి. అలాంటిదాని కడుపున పుట్టిన పిల్లకు నోరు తిరక్కపోతే ఊరు నవ్వదా మరి? నవ్వింది. మొదట్లో నేనూ నవ్వాను.

గిరిజ ఇప్పుడు నాలుగో తరగతి. కోపం వస్తే ‘ర’ ఇప్పటికీ కాస్త జారుతుంది గానీ, మిగతా వేళల్లో దాని నోటికి తాళం వేయగలవాళ్ళు మా ఇంట్లో లేరు. గండం గడిచింది కాబట్టి రాస్తున్నాను. గడవకముందు రాయమంటే ఒక్క ముక్క రాసేదాన్ని కాదు. ఎక్కడైనా ఒక పిల్లకు అక్షరం పలక్క, దాని తల్లి నాలాగే తెలివిగలదైతే, ఆవిడకు పనికొస్తుందని నా ఆశ. నాలాంటి తెలివి లేని తల్లులకు ఈ పాట్లు రావు. వాళ్ళు పిల్లను పిల్లలా వదిలేస్తారు.

*ఎనభై నాలుగు, దసరా సెలవులకు ముందు*

మాది దర్శి దగ్గర నల్లరేగడి ఊరు. మావారికి నాలుగెకరాలు. పత్తి, మిరప వేస్తారు. గిరిజ ‘క’ అనబోతే ‘త’ వచ్చేది, ‘గ’ అనబోతే ‘ద’ వచ్చేది. ‘ర’ సంగతి చెప్పక్కర్లేదు. పేరడిగితే ‘దిలిజ’ అనేది. మూడు నాలుగేళ్ళ వయసులో అది ఊరందరికీ ముద్దు. పత్తి తియ్యడానికి వచ్చిన ఆడవాళ్ళు వంగిన నడుములు ఎత్తి, “ఏదమ్మా, కాకరకాయ అను!” అనేవాళ్ళు. ఇది “తాతలతాయ” అనేది. చేనంతా ఒకటే నవ్వు. వాళ్ళు నవ్వుతున్నారని ఇదీ నవ్వేది. మావారొక్కరే ఎప్పుడూ అనమని అడగలేదు. ఆయన మాటల మనిషి కాదు.

అయిదు నిండాయి. తగ్గలేదు. జూన్‌లో ఒకటో తరగతిలో వేశాం. మా ఊరి బడికి ఇద్దరమే టీచర్లం, హెడ్మాస్టరు గారూ నేనూ. ఒకటీ రెండూ తరగతులు నావి. అంటే నా కూతురు నా ముందే బాసింపట్టు వేసుక్కూర్చుంది. అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. పంతులమ్మ తన కూతురికో న్యాయం, ఊరి పిల్లలకో న్యాయం చేసిందని ఎవరైనా అంటారేమోనని నా భయం. అందుకని మిగతా పిల్లల్ని ఒకసారి అడిగితే దాన్ని రెండుసార్లు అడిగేదాన్ని. ఇంట్లోనూ అంతే. కజ్జికాయ అడిగితే, “సరిగ్గా అను, ఇస్తాను” అనేదాన్ని. అది అడగడం మానేసేది. మొండితనం అనుకునేదాన్ని.

దసరా సెలవులకు ముందు ఇన్‌స్పెక్షన్ ఉందని కబురొచ్చింది. ఆ ఉదయం బోర్డు మీద క గుణింతం రాసి ఒక్కొక్కరినీ లేపి చదివించాను. గిరిజ వంతు వచ్చింది. “త” అంది. పిల్లలు కిసుక్కుమన్నారు. “సరిగ్గా అనేదాకా కూర్చోడానికి వీల్లేదు” అన్నాను. మళ్ళీ “త” అంది. మళ్ళీ అన్నాను, మళ్ళీ అంది. తర్వాత పెదాలు బిగించేసింది. మధ్యాహ్నం గంట కొట్టేదాకా నిలబెట్టాను. గౌను తడిసిపోయిందని మిగతా పిల్లలు చెబితే గానీ నేను చూడలేదు.

ఆ రోజు నుంచి అది నాతో మాట్లాడలేదు. ఒకటి రెండు రోజులు అలిగిందనుకున్నాను. వారం గడిచింది. అన్నం పెట్టనా అంటే తల ఊపేది. నాన్న చెవిలో మాత్రం ఏదో గుసగుసలాడేది. నేను గుమ్మంలో కనిపిస్తే అదీ ఆపేసేది. కడుపులో ఎన్ని నెలలు మోశానో అన్ని నెలలు ఆ పిల్ల నన్ను ‘అమ్మా’ అని పిలవలేదు.

*పత్తి తీతల నుంచి మిరపకోతల దాకా*

మాట్లాడని పిల్ల ఉన్న ఇంటికి వైద్యులు తక్కువా? బావి దగ్గర ఒకావిడ, “పంతులమ్మ కూతురు మూగదంట కదా” అంటే నా చెవిన పడింది. చేద నూతిలోకి జారవిడిచి ఇంటికొచ్చేశాను. మాట పడి నేను వెనక్కి తిరగడం అదే మొదటిసారి.

అత్తయ్య వస కొమ్ము అరగదీసి తేనెతో కలిపి నాలుకకు రాశారు. చిలక కొరికిన జామకాయ తింటే మాట తేలిగ్గా వస్తుందని ఆవిడ నమ్మకం. రోజూ తోటలో చెట్ల కింద వెతికి, ముక్కు గాట్లున్న కాయలు ఏరి కొంగున కట్టుకొచ్చేవారు. డెబ్బయ్యేళ్ళ మనిషి. గిరిజ అవన్నీ తిన్నది. జామకాయలంటే దానికిష్టం, అంతవరకు లాభమే. నేను బియ్యే చదివిన దాన్ని, ఇలాంటివి నమ్మను అని పైకి అనేదాన్ని. ఒకరోజు చిలక కొరికిన కాయ దొరకలేదని అత్తయ్య ఖాళీ కొంగుతో వస్తే ఏడుపొచ్చింది.

ఆ తర్వాత పక్క ఊరి ఆర్‌ఎంపీ నాలుక కింద తీగ అడ్డం పడుతోందని, చిన్న గాటు పెడితే చాలని అన్నాడు. నేను సరేనన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఏదో ఒకటి చెయ్యాలి, అంతే. మావారు మిరపకల్లం నుంచి అప్పుడే వచ్చి, చేతులకున్న కారం మంటకు నూనె రాసుకుంటూ విన్నారు.

“నాలుకకేం కాలేదు. మొన్న తిరనాళ్ళలో ఐసు పుల్ల చివరిదాకా నాకింది, చూశా” అన్నారు.

“మీకేం తెలుసండీ?”

“నాకు తెలవదు. తెలిసినాళ్ళ దగ్గరికి పోదాం. కోసేది మాత్రం లేదు.”

పెళ్ళయిన పదేళ్ళలో ఆయన నాకు ఎదురుచెప్పింది అప్పుడే. ఆ మనిషి అడ్డు పడబట్టి సరిపోయింది. మర్నాడు దర్శిలో డాక్టరు గారికి చూపిస్తే, ఆయన చీటీ మీద నాలుగు ముక్కలు రాసి గుంటూరు వెళ్ళమన్నారు.

*ఎనభై అయిదు, రెండో శనివారాలు*

ఆసుపత్రి తీసే రోజుల్లో మాకు సెలవు రెండో శనివారమే. తెల్లవారక ముందే లేచి, కురిచేడు దాకా బస్సు, అక్కడి నుంచి గుంటూరు పాసింజరు. ఆ చిన్న రైలు ప్రతి స్టేషన్‌లోనూ కుశల ప్రశ్నలు అడిగి గానీ కదలదు. గిరిజ కిటికీ దగ్గర నాన్న ఒళ్ళో, ఎదురుగా నేను. నేను కూడా నోరు మూసుకుని కూర్చోవడంతో ప్రయాణం ఇంకా పొడుగైనట్టు ఉండేది.

ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగం బయట వరండాలో ఒక పొడుగు బల్ల. మిరప లారీలు తిరిగే కాలం. ఘాటుకు బల్ల మీద వాళ్ళమంతా తుమ్మేవాళ్ళం, దగ్గేవాళ్ళం. ఎవరు రోగో ఎవరు తోడో తెలిసేది కాదు. అక్కడి ఆయా పిల్లను చూసి, “ఇట్టా రా తల్లీ” అని తన స్టూలు ఫ్యాను కిందికి జరిపి కూర్చోబెట్టింది. చాలామందికి మరిచిపోయే సంగతే. నేను మరిచిపోలేదు.

డాక్టర్లు చూసి, మాటలు దిద్దే విమల గారి దగ్గరికి పంపారు. ఆవిడ గది సగం సామాన్ల కొట్టు. ఒక మూల విరిగిన మంచాలు, ఇంకో మూల ఆవిడ బల్ల, ఒక అద్దం, మట్టి కుండ. ఆవిడకు ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో. పొట్టి మనిషి, నేత చీర. మాటలు నేర్పే ఆవిడ అంటే గలగలా మాట్లాడుతుందనుకున్నాను. ఆవిడ నమస్కారం పెట్టి ఊరుకుంది.

నేను మొదలుపెట్టాను. పుట్టిన దగ్గర్నుంచీ అంతా చెప్పాను, నిలబెట్టిన సంగతి తప్ప. ఆవిడ విని, గిరిజ వైపు తిరిగి, “నీ పేరు దిలిజ కదూ?” అంది.

గిరిజ గట్టిగా తల అడ్డంగా ఊపింది.

“మరి గిరిజా?”

నిలువుగా ఊపింది.

“చూశారా టీచరుగారూ, తనకు తెలుసు” అంది విమల గారు. “చెవికి తెలుసు, మనసుకు తెలుసు. నాలుకకే ఇంకా తెలియదు. ముగ్గు వంకర పోయిందని పిల్లను నిలబెడతామా ఎవరమైనా?”

యథాలాపంగా అన్న మాటే. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. మావారు నా వైపు చూడకుండా కుండ వైపు చూస్తూ కూర్చున్నారు.

తర్వాత ఆవిడ చెప్పిన మందు వింటే నాకు ఒళ్ళు మండింది. పిల్లకు కాదు, నాకు మందు. ఇంట్లో గిరిజను ఏదీ అడగకూడదట. పేరు అడగకూడదు, ఏం తిన్నావని అడగకూడదు, ఫలానా మాట అనమని అసలు అడగకూడదు.

“అడగకుండా పిల్లతో ఏం మాట్లాడతామండీ?”

“చెప్పండి. మీరేం చేస్తున్నారో, ఏం చూశారో చెప్పండి. అది మాట్లాడితే చివరిదాకా వినండి. మాట్లాడకపోయినా కాసేపు ఆగి, మీ పని చూసుకోండి.”

ఇందుకా బస్సూ రైలూ ఎక్కి వచ్చింది అని వరండాలో మావారి మీద విరుచుకుపడ్డాను. ఆయన విని, “ఒక నెల చూద్దాంలే” అన్నారు.

అడక్కుండా ఉండటం ఎంత కష్టమో టీచరుగా పనిచేసిన వాళ్ళకే తెలుస్తుంది. మాకు తెలిసిన మాటంతా ప్రశ్నే. “పప్పు కడుగుతున్నాను. ఇదిగో రాయి దొరికింది” అని పొయ్యి ముందు నాలో నేను చెప్పుకుంటుంటే, అత్తయ్య నాకే ఏదో అయిందనుకున్నారు. గిరిజ వినేది. జవాబు మాత్రం లేదు.

*వేసవి సెలవులు*

ఏప్రిల్ ఆఖరుకు బళ్ళు మూసేశారు. గిరిజను తీసుకుని గుంటూరులో మా పిన్ని ఇంట్లో దిగాను. వారానికి మూడు రోజులు ఆసుపత్రి. అక్కడే మస్తాన్ తాతను, కాశింబీ గారిని చూశాం. ఆయన చిలకలూరిపేట వైపు దూదేకి పరుపులు కుట్టే మనిషి. ఏడాది కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. నోరు తెరిస్తే “బా... బా...” తప్ప ఏదీ రాదు. కాశింబీ గారు నాకు తోబుట్టువు లాంటిది. అంటే, ఆవిడ కూడా ఆగకుండా మాట్లాడుతుంది. తన మాటలు, ఆయన మాటలు, రెండూ ఆవిడే మాట్లాడేది.

“బా...” అనేవాడాయన.

“నీళ్ళు కావాలంట” అని సీసా మూత తీసేది. ఆయన కాసేపు ఆమెను చూసి తాగేవాడు.

ఆవిడ మంచితనం మాత్రం చెప్పలేను. ముంజెలు తెచ్చి, నీరు కారిపోకుండా వేలితో ఎలా పొడుచుకు తాగాలో గిరిజకు నేర్పింది. “మాట వచ్చుద్దిలే పంతులమ్మా, యాడికి పోద్ది” అని నాకు ధైర్యం చెప్పి, తను మాత్రం కొంగుతో కళ్ళు ఒత్తుకునేది.

విమల గారు గిరిజకు మాటల జోలికి పోకుండా పుక్కిలించడంతో మొదలుపెట్టింది. కుండలో నీళ్ళు గుక్కెడు నోట్లో పోసి, తల వెనక్కి వాల్చి గొంతులో గలగలలాడించమంది. తర్వాత నీళ్ళు లేకుండా అదే చెయ్యమంది. ఐసుక్రీము పుల్లతో నాలుక కొన కిందికి ఆనించి, వెనక భాగం ఎక్కడ లేస్తుందో అద్దంలో చూపించింది. వారం రోజులు దగ్గులు, కిచకిచలు తప్ప ఏమీ లేవు. నన్ను బయట బల్ల మీదే కూర్చోమనేది. తలుపు దగ్గరగా వేసి ఉండేది, గొళ్ళెం ఉండేది కాదు.

ఒకరోజు విమల గారు మస్తాన్ తాతను, గిరిజను ఒకేసారి లోపలికి పిలిచింది. కాశింబీ గారు కూడా లేవబోతే, “మీరు పంతులమ్మ గారికి తోడుగా ఉండండి” అంది. మేమిద్దరం బల్ల మీద మిగిలాం. కాసేపటికి లోపల్నుంచి ఆయన గొంతు వినిపించింది. “బా... బా...” దేనికోసమో తంటాలు పడుతున్నాడు.

అప్పుడు నా కూతురి గొంతు వినిపించింది. ఎనిమిది నెలల తర్వాత.

“తొందల లేదు తాతా. మెల్లదా.”

నేను గోడకు ఆనుకుపోయాను. కాశింబీ గారు నా చెయ్యి పట్టుకుంది. నా మనసులో ఏముందో దాచుకోకుండా చెబుతాను. సంతోషం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది అసూయ. ముక్కూమొహం తెలియని ముసలాయనతో మాట్లాడుతుందా, నాతో మాట్లాడదా? ఆ తర్వాత వచ్చింది సిగ్గు. ‘తొందర లేదు, మెల్లగా’ అన్న రెండు మాటలు నేను దానితో ఒక్కనాడూ అనలేదు. ఆ మాటలు విమల గారి దగ్గర నేర్చుకుంది.

ఆ పిల్ల ఓపిక చూడాలి. తాత వేళ్ళు తన పీక మీద పెట్టుకుని ‘క్’ ఎక్కడ పుడుతుందో చూపించేదట. ఆయనకు రాకపోతే మొదటి నుంచీ మళ్ళీ చేసేదట. నవ్వేది కాదట. విమల గారు ఈ సంగతులు నాకు చెబుతూ, “ఇద్దరికీ నేను చేసింది తక్కువ” అంది. నేను నమ్మను. ఏ ఇద్దర్ని పక్కపక్కన కూర్చోబెట్టాలో తెలియడం తక్కువ పనా? నేను బోలెడు ట్రైనింగులకు వెళ్ళాను. ఆవిడ ఆ విరిగిన మంచాల గదిలో చేసింది ఏ ట్రైనింగులోనూ నాకెవరూ చెప్పలేదు.

మే నెల సగం అయ్యేసరికి గిరిజకు ‘క’ చిక్కింది. చిక్కిందంటే ఎంతలా చిక్కిందంటే, ‘త’ ఉన్న చోటల్లా కూడా ‘క’ పెట్టేసింది. మస్తాన్ తాత కాస్తా మస్కాన్ కాక అయిపోయాడు. ఆయన సగం మొహంతో నవ్వేవాడు. నెలాఖరుకు ‘త’ మళ్ళీ దాని చోటికి అది వచ్చేసింది. గిరిజ పిన్నితో మాట్లాడేది, పక్కింటి పిల్లలతో మాట్లాడేది, ఆదివారం నాన్న వస్తే ఒళ్ళెక్కి చెవులు తినేసేది. నేను వడ్డిస్తుంటే మాత్రం చెయ్యి అడ్డం పెట్టి చాలనేది, అంతే. నేను విమల గారిని అడిగాను, “నాతో ఎప్పుడండీ?” అని.

“నాకు తెలియదు టీచరుగారూ” అంది ఆవిడ. తెలియనిది తెలియదని చెప్పే మనిషి మీద నాకు అప్పుడే పూర్తి గురి కుదిరింది.

*మృగశిర*

బళ్ళు తెరవడానికి నాలుగు రోజులుంది. ఆ రోజు ఊరికి తిరిగి వెళ్ళిపోవాలి. మావారు కూడా వచ్చారు. విమల గారికి చెప్పి వెళ్దామని వరండాలో కూర్చున్నాం. నా మనసు మనసులో లేదు. పిల్లకు మాట వచ్చింది, నిజమే. బడి తెరిస్తే మళ్ళీ నా క్లాసు. హెడ్మాస్టరు గారిని బతిమాలి రెండో తరగతి ఆయన తీసుకునేలా ఒప్పించాను. కానీ ఇంట్లో? ఈ పిల్ల పెళ్ళయి వెళ్ళేదాకా నాకు తల ఊపుతూనే ఉంటుందా? ఇవే ఆలోచనలు.

కాశింబీ గారు ఆ పక్క, తాత మధ్యలో, గిరిజ ఆయన పక్కన. ఎండ తగ్గి మబ్బు పట్టింది. తాత నోరు తెరిచాడు.

“బా...”

“నీళ్ళు కావాలంట” అంది కాశింబీ గారు, సీసా అందుకుంటూ.

గిరిజ ఆవిడ చేతి మీద చెయ్యి వేసింది. “ఆగవ్వా. తాత చెప్తాడు.”

పెద్దావిడతో ఆ మాటేమిటని నాకు చటుక్కున నోరు లేచింది. “తప్పు కదూ గిరిజా, పెద్దవాళ్ళతో అట్లాగేనా...”

అది నా వైపు తిరిగింది. తొమ్మిది నెలలుగా నన్ను దాటుకుని గోడను చూసిన కళ్ళు అవి. ఇప్పుడు నన్నే చూశాయి.

“నువ్వు కూడా ఆగమ్మా” అంది.

నేను ఆగాను. నా జన్మలో అంత ఆగింది లేదు. కాశింబీ గారూ ఆగింది. వరండాలో మేమందరం ఆ ముసలాయన నోటి వంక చూస్తూ కూర్చున్నాం. ఆయన పెదాలు కదిపాడు, మెడ నరాలు తేలాయి. గిరిజ తన గుప్పిట బిగించి ఆయనతో పాటే ఊపిరి పట్టింది. ఎంతసేపో తెలియదు.

“టీ” అన్నాడు.

కాశింబీ గారు సీసా ఒళ్ళో పెట్టుకుని బావురుమంది. “ఏడాది నుంచి నీళ్ళు పోస్తన్నా పంతులమ్మా! టీ అంట! టీ కావాలంట ఆయనకి!” అని ఏడుస్తూనే నవ్వింది. మావారు అప్పటికే లేచి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా టీ కోసం బయటికి పరుగెత్తారు.

రైల్లో గిరిజ నా పక్కన కూర్చుంది. మావారు ఎదురు సీట్లోంచి వంగి, “ఇందాక నీతో అన్నప్పుడు, ‘ఆగమ్మా’లో ‘గ’ పలికిందా?” అని మెల్లగా అడిగారు.

నాకు తెలియదు. ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా తెలియలేదు. ‘అమ్మా’ ఒక్కటే విన్నాను.